ప్రళయకావేరి ఒడ్డున మూడు రాత్రులు

మావాడు దార్-ఎస్-సలాం నుంచి రెండేళ్లకోసారి నెల్లూరు వస్తాడు. వచ్చినప్పుడల్లా ఒక సింహాన్ని తెస్తాడు, ఫోనులో. చెట్టు కింద పడుకున్న సింహం, జీబ్రా కాలు పట్టి లాగుతున్న సింహం, వాళ్ల బండి నీడలోనే కునుకు తీస్తున్న సింహం. అక్కడొక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగం వాడిది. సెలవు దొరికితే ఇద్దరు ముగ్గురు కలిసి బండి మాట్లాడుకుని, అరూషా మీదుగా సెరెంగెటి వెళతారు. రాత్రిళ్లు డేరా చుట్టూ హైనాలు తిరుగుతుంటే లోపల ఊపిరి బిగబట్టి పడుకోవడం ఆ కథలో ముఖ్య ఘట్టం. దాన్ని పదిసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ హైనాలు రెండు మూడు పెరిగాయి.

"ఒకసారి రారా" అంటాడు. "ఆ టికెట్టు డబ్బులకి ఇక్కడ మోటారు సైకిలొస్తుంది" అంటాను. మాట అక్కడితో ఆగిపోతుంది.

ఈ జనవరిలో మాత్రం నేనే కదిపాను. వాడు మేనల్లుడికిద్దామని డేరా తెచ్చాడు. "అది వాడికి తరవాత ఇద్దువు గానీ, మూడు రోజులు నాతో రా. నువ్వు పుట్టిన జిల్లా చూపిస్తా" అన్నాను.

"ఏముందిరా ఇక్కడ చూడ్డానికి? కొంగలు" అన్నాడు.

కొంగలే. నేను కాదనలేదు.

సఫారీ అంటే మన తరానికి ముందు గుర్తొచ్చేది పొట్టి చేతుల చొక్కా, అదే గుడ్డతో ప్యాంటు వేసుకున్న ఎనభైల నాటి ఆఫీసరుగారు. స్వాహిలీలో ఆ మాటకి ప్రయాణమనే అర్థం. అరబ్బీ సఫర్‌కి చుట్టం. ఆ లెక్కన సఫారీకి సింహం తప్పనిసరి కాదు, బయల్దేరడమే తప్పనిసరి. నా పాత మారుతీ ఓమ్నిలో వెనక సీట్లు పీకేసి డేరా, చిన్న గ్యాసు పొయ్యి, పది కేజీల బియ్యం, రెండు క్యాన్ల నీళ్లు సర్దాం. అమ్మ మట్టి దాకలో కొరమీను పులుసు పెట్టి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. మామిడికాయల కాలం కాదు కాబట్టి ఒట్టి చింతపండు పులుసే. నెల్లూరు పులుసు వండిన రోజుకంటే మర్నాడు బాగుంటుందని తెలిసినవాళ్లకి, అడవి ప్రయాణానికి ఇంతకంటే మంచి సరుకు లేదని వేరే చెప్పనక్కర్లేదు.

చెరువులో పురిటిళ్లు

చెన్నై హైవే మీద గూడూరు, నాయుడుపేట దాటి, సూళ్లూరుపేట ఇంకా రాకముందే దొరవారిసత్రం దగ్గర తిరిగితే నేలపట్టు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ఆ గెజిట్ పక్షులకి అందినట్టు లేదు, మా అమ్మకీ అందలేదు. ఇద్దరికీ ఇది నెల్లూరే.

1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం కలిపి 459 హెక్టార్లు. చదరపు కిలోమీటర్లలో చెబితే అయిదు కూడా నిండదు. సెరెంగెటి 14,700 చదరపు కిలోమీటర్ల పైమాటే. మావాడు ఈ లెక్క విని "మా దగ్గర ఇంత చోటు ఒక్క సింహం తిరగడానికి చాలదు" అన్నాడు. అప్పటికింకా పక్షుల్ని చూసే టవరెక్కలేదు.

ఎక్కాక మాట్లాడలేదు. చెరువు నీళ్లలో మొలలోతున నీటికడప చెట్లు నిలబడి ఉన్నాయి. నెలల తరబడి వేళ్లు మునిగినా చావని చెట్లవి. ఒక్కో చెట్టు మీద అంతస్తులు కట్టినట్టు గూళ్లు. పై కొమ్మల్లో గూడబాతులు, కింద తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, ఇంకా కింద నీటికాకులు. కొమ్మ కనపడదు, ఆకు కనపడదు, అంతా రెట్ట తెలుపు. ముందు తగిలేది చూపు కాదు, వాసన. పచ్చి చేప, బురద, రెట్ట కలిసిన ఘాటు. ఆ తరవాత రొద. గూడబాతు పెద్దయ్యాక పెద్దగా నోరు విప్పదు. ఆ గోలంతా పిల్లలది. తల్లి రాగానే పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. బయటికి మెడ కింది భాగమే కనపడుతుంది. చూసేవాళ్లకి తల్లి పిల్లని మింగుతున్నట్టుంటుంది. మింగుతున్నది పిల్లే, తల్లి తెచ్చిన చేపని. ఆ చేప కోసం తల్లి దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్ దాకా పోయి వస్తుంది.

ఇక్కడ మా పత్రికలవాళ్ల తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఏటా జనవరిలో మేమంతా "సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు" అని శీర్షిక పెడతాం. సైబీరియా, మధ్య ఆసియాల నుంచి కొన్ని బాతులు, ఉల్లంకులు వచ్చే మాట నిజమే. కానీ నేలపట్టు చెట్ల మీద గూళ్లు పెట్టేవాటిలో విదేశీయులు లేరు. గూడబాతు మన దక్షిణాసియా పక్షి. నత్తగుల్ల కొంగ మన వరిమళ్ల పక్షి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టడానికి కుదిరినట్టు. విదేశాల నుంచి వస్తేనే గొప్పనుకునే జబ్బు పెళ్లి సంబంధాలతో ఆగితే బాగుండేది.

ఊరివాళ్ల దృష్టిలో అవి అతిథులు కూడా కావు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు పట్టి చెరువు నిండగానే దిగుతాయి, గుడ్లు పెడతాయి, పిల్లలకి రెక్కలొచ్చాక వెళతాయి. ఆ రాత్రి రక్షిత కేంద్రం హద్దులు దాటి, ఒక రైతు కల్లంలో డేరా వేసుకున్నాం. అడిగితే ఒప్పుకున్నాడు, పైగా రెండు బిందెల నీళ్లు పంపాడు. అన్నం తినేవేళకి తనే వచ్చి కూర్చున్నాడు.

"పిట్టల రెట్ట కలిసిన నీళ్లు చేలకి పోతే యూరియా సగం తగ్గుద్ది అబ్బయా. అవి దిగని ఏడు మాకు వానే ఉండదు" అన్నాడు.

వాన పడితే పక్షులొస్తాయని పుస్తకం చెబుతుంది. పక్షులొస్తే వాన పడుతుందని ఊరు చెబుతుంది. ఊరు తప్పే చెబుతుండవచ్చు. కానీ ఆ తప్పు వల్లే ఆ ఊళ్లో పిల్లాడు గూటి మీదికి రాయి విసరడు. కంచె, గన్ను, జీపు చేసే పని ఒక నమ్మకం చేసి పెడుతోంది. అనంతపురం వైపు వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. అక్కడా ఇదే వరస.

మావాడు పులుసు కలుపుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "మా దగ్గర రాత్రి తొమ్మిది దాటితే డేరా జిప్పు తియ్యకూడదు. ఇక్కడ ఊరాయన వచ్చి పక్కన కూర్చున్నాడు" అన్నాడు. ఆ తేడా ఈ మూడు రోజులూ మా వెంటే వచ్చింది.

మొలలోతు సముద్రం

పులికాట్ అన్నది తమిళ పళవేర్కాడుని డచ్చి, ఇంగ్లీషు నోళ్లు అరగదీసిన పేరు. తెలుగువాళ్లకి అది ప్రళయకావేరి. స.వెం. రమేశ్ తన 'ప్రళయకావేరి కథలు'తో ఆ పేరుని, ఆ తిప్పల మీది మాటని పుస్తకంలోకి తెచ్చాడు. చిలికా తరవాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మనవైపే ఉంది. దక్షిణపు కొస తమిళనాడుది. అంత విశాలమైన నీళ్లకి సగటు లోతు మీటరు దగ్గరే. ఫ్లెమింగోలు ఇక్కడికి రావడానికి కారణం సరిగ్గా అదే. వాటి కాళ్లకి కుదిరిన లోతు.

తీరంలోని వాళ్లు వాటిని సముద్రపు రామచిలుకలంటారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ పోతుంది. అటకానితిప్ప దగ్గర బండి పక్కకి ఆపి చూశాం. దూరాన ముందు ఒక గులాబీ గీత. గీత కదిలింది. బైనాక్యులర్లో గీత కాస్తా కాళ్లయింది. తల కిందులుగా ముంచి, వంకర ముక్కుతో నీటిని జల్లెడ పట్టి వదిలేస్తూ, వరసలో నాట్లేసే కూలీల్లాగా అడుగు అడుగు వెనక్కీ ముందుకీ. లేచినప్పుడే అసలు రంగు. రెక్క విప్పితే లోపల ఎరుపు, అంచున నలుపు.

ఈ విషయంలో మావాడు నాకు పాఠం చెప్పాడు, ఒప్పుకుంటాను. తూర్పు ఆఫ్రికా ఉప్పు సరస్సుల్లో లక్షల్లో కనిపించేది చిన్న ఫ్లెమింగో. ముదురు గులాబీ రంగు, పొట్టి. టాంజానియాలో నాట్రాన్ సరస్సు దాని ముఖ్యమైన పురిటిల్లు. మన దగ్గర ఎక్కువగా వచ్చేది పెద్ద ఫ్లెమింగో. అది మనిషి భుజం ఎత్తుంటుంది, రంగు పాలల్లో కుంకుమ కలిపినంత. ఇది ఇక్కడ గూడు పెట్టదు. గుజరాత్ కచ్ రణ్‌లో బురదతో గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తుంది. అంటే నేలపట్టు పురిటిల్లు, పులికాట్ వంటిల్లు. ఈ రెంటికీ కలిపి 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తున్నారు. కొన్నేళ్లు ఆగి, 2025 జనవరి 18 నుంచి మూడు రోజులు మళ్లీ జరిపారు. స్టేజీ మీది మైకు మోతకి పక్షులకంటే జనమే ఎక్కువ ఆనందిస్తారన్నది నా అభిప్రాయం.

మధ్యాహ్నం తడ వైపు వచ్చి, భీమునివారిపాళెం రేవులో ఇరకం దీవికి పడవ మాట్లాడుకున్నాం. పడవాయన చేతిలో ఇంజను తాడుంది గానీ సగం దూరం గెడకర్రతోనే నడిపాడు. "ఇంజను ఏసే లోతు ఉంటే గదా సార్" అన్నాడు. సముద్రపు నీరు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి. మనవైపు వాకాడు దగ్గరి రాయదొరువు ముఖద్వారం పూడిక తియ్యాలని జాలర్లు అడుగుతూనే ఉన్నారు. నీరు లోపలికి రాకపోతే రొయ్య రాదు, చేప రాదు. ఎండాకాలంలో సరస్సు ఉత్తరపు సగం ఎండి, ఉప్పు పేరుకున్న బీడవుతుంది. గూడబాతుకి నేలపట్టు గూడు ఎంత అవసరమో, ఈ పడవాయన వలలో పడే చేపా అంతే అవసరం. ఇద్దరిదీ ఒకటే కంచం.

గట్టు మీద చెరువుల మాట కూడా చెప్పాలి. తొంభైల్లో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చి, చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్లలో రొయ్యల పరిశ్రమ ఉండకూడదంది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. గుంటలు మాత్రం హైవే మీద నుంచే కనపడతాయి, నీలం పైపులు, తిరిగే చక్రాలతో సహా. ఆ డబ్బుతో ఇళ్లు కట్టుకున్న చుట్టాలు నాకూ ఉన్నారు కాబట్టి ఇంతకంటే గట్టిగా మాట్లాడే నోరు నాకు లేదు.

రెండో రాత్రి డేరా రేవుకి ఎగువన తాటితోపులో. పన్నెండు దాటాక మావాడు నన్ను తట్టి లేపాడు. చేతిలో టార్చి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"విన్నావా? హైనారా!"

"నక్కరా. నీ పులుసు గిన్నె కోసం వచ్చింది."

పొద్దున్నే చూస్తే గిన్నె నాకినట్టు శుభ్రంగా ఉంది. ఈ సంగతి దార్-ఎస్-సలాంలో ఎలా చెబుతాడో తెలీదు. అప్పటికి అది కచ్చితంగా చిరుతపులి అయి ఉంటుంది.

మన సెరెంగెటి చెక్‌పోస్టు అవతల

శ్రీహరికోట చెక్‌పోస్టు దగ్గర బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. అవతల దట్టమైన అడవి, జింకలు, ఆ పైన రాకెట్లు. 1969లో ఈ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో ప్రయోగాలు మొదలయ్యాయి. అంతకుముందు అది యానాదుల దీవి. తేనె, చిల్లగింజలు, మూలికలు ఏరి, మద్రాసు ప్రభుత్వపు అటవీ శాఖకి అందించిన చేతులు వాళ్లవి. రాకెట్టు రావాలంటే వాళ్లు పోవాలి. పోయారు.

కిందటి రాత్రి మావాడు అక్కడి కథ చెప్పాడు. 1951లో సెరెంగెటిని జాతీయ పార్కు చేశారు. 1959లో మాసాయిలని అందులోంచి ఖాళీ చేయించి పక్కనున్న గోరోంగోరోలో ఉండనిచ్చారు. ఫోటోలో పచ్చిక బీడు అంత ఖాళీగా కనపడడానికి వెనకున్న సంగతి అది. "అది ఎప్పుడూ ఖాళీ నేల కాదురా" అన్నాడు. శ్రీహరికోట కూడా కాదు. మనవాళ్లు ప్రకృతితో కలిసిమెలిసి బతికారు, తెల్లవాళ్లే తోలేశారు అని రాసుకోవడం తేలిక. ఖాళీ చేయించడంలో మనం ఎవరికీ తీసిపోలేదు. తేడా ఒక్కటే, వాళ్లు సింహాల పేరు చెప్పారు, మనం ఉపగ్రహాల పేరు చెప్పాం. దీవిలో జింకలు నిశ్చింతగా ఉన్నాయి. మనిషిని తీసేస్తే జంతువు బాగుంటుందన్న వాదానికి మన దగ్గరున్న రుజువు శ్రీహరికోటే. నేలపట్టు దానికి ఎదురు రుజువు. రెంటికీ మధ్య దూరం ఒక పూట కూడా పట్టని ప్రయాణం.

యానాదుల మాటొచ్చింది గనక ఇంకొకటి. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ అనే డాక్టరు రోగులకంటే పిట్టల్ని ఎక్కువ చూశాడని నాకు అనుమానం. మన పక్షుల బొమ్మలతో మద్రాసులో పుస్తకం అచ్చేశాడు. ఏ పాము ఎక్కడుంటుంది, ఏ పిట్ట ఏమని కూస్తుంది అని అతనికి చెప్పినవాళ్లు యానాదులు. 1848లో శాస్త్రానికెక్కిన కలివికోడికి ఇంగ్లీషులో ఇప్పటికీ జెర్డన్ పేరే. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో పెన్నకి ఎగువన, కడప జిల్లా సిద్ధవటం వైపు మళ్లీ కనపడింది. చూపించినవాళ్ల పేర్లు పిట్టలకి పెట్టే అలవాటుంటే మన పక్షుల జాబితా వేరేగా ఉండేది. వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా యానాదుల కోసం తిరిగి, 1962లో వాళ్ల మీద పుస్తకం రాశాడు. జెర్డన్ బాకీ కొంతైనా తీర్చిన నెల్లూరువాడు ఆయనే.

ట్రాక్టరు జాడ

మూడో రాత్రి సముద్రం ఒడ్డున. దుగరాజపట్నం దాటాం. అక్కడ 1626లోనే ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఆర్మగాన్ పేరుతో గిడ్డంగి పెట్టారు. గిట్టుబాటు కాక, 1639లో ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి మద్రాసు వెతుక్కున్నాడు. లేకపోతే మెరీనా బీచి మా జిల్లాలో ఉండేది, అందుకు నాకేం బాధ లేదు.

తూపిలిపాళెం వైపు ఒక పట్టపుపాళెం, అంటే జాలర్ల పల్లె, ముందు ఓమ్ని ఇసుకలో దిగబడింది. సెరెంగెటిలో ఇలా జరిగితే దిగి తొయ్యడానికి లేదట, లోపలే కూర్చుని ఇంకో బండి కోసం ఎదురుచూడాలట. ఇక్కడ ఏడుగురు జాలర్లు వచ్చి, మమ్మల్ని పక్కకి జరగమని, బండిని పడవని లాగినట్టు హైలెస్సా అంటూ పైకి లాగారు. ఆ పాళెం పెద్ద, పెద్దకాపు, సరివితోపులో డేరా వేసుకోమన్నాడు. ఒకే షరతు, సముద్రం వైపు దీపం పెట్టకూడదు.

ఎందుకో రాత్రి రెండింటికి తెలిసింది. తాబేళ్ల గుడ్లు కాపలా కాసే కుర్రాడు వచ్చి మమ్మల్ని లేపాడు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంది. తడి ఇసుక మీద ట్రాక్టరు పోయినట్టు జాడ. జాడ చివర ఒక రాయి కదులుతోంది. ఆలివ్ రిడ్లీ తాబేలు. వెనక కాళ్లతో గరిటెలాగా ఇసుక తోడి, కుండ ఆకారంలో గొయ్యి చేసి, గుడ్లు జారవిడుస్తోంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని అలా వదిలించుకుంటుంది, మనమేమో ఏడుపనుకుంటాం. పని కాగానే గొయ్యి పూడ్చి, పొట్టతో అదిమి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్లలోకి వెళ్లిపోయింది. కుర్రాడు గుడ్లు లెక్కపెట్టాడు, నూట పదకొండు. కుక్కలు, నక్కలు తవ్వకుండా వాటిని హేచరీ గొయ్యిలోకి మార్చాడు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఎక్కువ ఆడవి, చల్లగా ఉంటే ఎక్కువ మగవి. పిల్లలు వెలుగున్న వైపు పరిగెడతాయి. ఒడ్డున దీపముంటే సముద్రం వదిలి దీపం వైపు పోతాయి. పెద్దకాపు షరతు అదే.

మావాడు ఒక్క ఫోటో తియ్యలేదు. ఫ్లాష్ వద్దన్నందుకు కాదు, ఫోను డేరాలో మరిచిపోయాడు.

తెల్లారాక ఒడ్డున అరకిలోమీటరు నడిస్తే ఇంకో తాబేలు కనపడింది. చచ్చిపోయి, ఉబ్బి ఉంది. తాబేలు నీటి ప్రాణే గానీ గాలి పీల్చాలి. ట్రాలరు వలలో గంటల తరబడి ఇరుక్కుంటే మునిగి చస్తుంది. అలా చిక్కినది బయటపడేందుకు వలలో టెడ్ అనే ఇనుప చట్రం ఒకటుంది. బిగించుకుంటే చేపా కొంత జారిపోతుందని బోటువాళ్ల భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది గానీ, తాబేళ్లు గుడ్లకొచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. తేదీలు కలవవు. పెద్దకాపు ఆ కళేబరాన్ని చూసి చెప్పులు విడిచి, "గంగమ్మ బిడ్డ" అని మాత్రం అన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి గొయ్యి తీసి పూడ్చారు.

మావాడు డేరా మడిచి మేనల్లుడికి ఇచ్చేశాడు. మొన్న ఫోను చేసి, హేచరీలో ఆ నూట పదకొండూ ఏమయ్యాయో కనుక్కోమన్నాడు. కనుక్కున్నాను. తొంభై నాలుగు సముద్రంలోకి వెళ్లాయి.

వెళ్లాలనుకునేవాళ్లకి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. నేలపట్టుకి పొద్దున ఏడింటికల్లా చేరండి, ఎండెక్కాక పెద్ద పక్షులు చేపలకి వెళ్లిపోతాయి. డ్రోను ఇంట్లో వదిలేయండి, అది గూటి మీదికొస్తే తల్లి లేస్తుంది, కాకి ఆ సందు కోసమే చూస్తుంటుంది. రాకెట్టు ప్రయోగం ఉన్న రోజుల్లో శ్రీహరికోట రోడ్డు మీద తనిఖీలు ఎక్కువ. ఏప్రిల్ దాటాక నేలపట్టులో ఖాళీ గూళ్లే ఉంటాయి.